కండువా కింద బేరం

మిర్చి కొట్లో ఎవరూ ఎక్కువసేపు పోట్లాడలేరు. గొంతు పెంచితే గాలి ఎక్కువ పీల్చాలి. గాలితోపాటు ఘాటూ లోపలికి పోతుంది. మూడో మాటకి దగ్గు, నాలుగో మాటకి కళ్ళనీళ్ళు. జగ్గయ్యపేటలో రాధాకృష్ణమూర్తి తన కొట్లో కూర్చోబెట్టి సర్దిన తగాదాలు చాలా ఉన్నాయి. అన్నదమ్ముల పంపకాలు, పొలంగట్ల పేచీలు, ఒకసారైతే విరిగిపోబోయిన పెళ్ళి సంబంధం. జనం అతని తెలివిని పొగిడేవారు. అందులో సగం మిర్చి చలవేనని అతనికి తెలుసు. తెలిసినా ఎవరికీ చెప్పలేదు.

ఈసారి తగాదా పొలానిదీ కాదు, పెళ్ళిదీ కాదు. హాకీది.

పేటలో హాకీ అంటే డేవిడ్‌రాజు మాస్టారే. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరి, రిటైరై కూడా రోజూ తెల్లవారేసరికి మెళ్ళో విజిల్ వేసుకుని గ్రౌండులో ఉంటాడు. చిన్నప్పుడు డేవిడ్, మూర్తి ఒకే జట్టు. డేవిడ్ సెంటర్ హాఫ్, మూర్తి గోల్‌కీపరు. చదువు అయిపోగానే మూర్తి ప్యాడ్లు విప్పేసి తండ్రి పక్కన కొట్లో కూర్చున్నాడు. డేవిడ్ మాత్రం గ్రౌండు వదల్లేదు. క్లబ్బుకి మూర్తి సెక్రటరీ, అంటే బంతులు, బస్సు, అరటిపళ్ళు అతని బాధ్యత. ఆట డేవిడ్‌ది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకపోవడం వల్లే ఆ పొత్తు ఇన్నాళ్ళు నిలిచింది.

డేవిడ్ క్లబ్బులో కొన్ని పద్ధతులు ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్ళు ఆటకి ముందు గ్రౌండంతా తిరిగి గులకరాళ్ళు ఏరాలి. సీనియర్లు తాగాకే జూనియర్లు నీళ్ళు తాగాలి. అన్నిటికన్నా పెద్ద పద్ధతి గోల్‌ది. గోల్ కొట్టినవాళ్ళు గంతులెయ్యకూడదు, చేతులెత్తకూడదు. తల దించుకుని వచ్చి, పాస్ ఇచ్చినవాళ్ళ కర్రకి తమ కర్ర ఆనించి, మాట్లాడకుండా తమ చోటికి వెళ్ళి నిలబడాలి. కొత్తగా చూసేవాళ్ళకి పేట జట్టు గోల్ కొట్టిందో, పోగొట్టుకుందో తెలిసేది కాదు. "వీళ్ళేంట్రా బాబూ, గోల్ కొట్టి సంతాపసభ పెడతారు" అని కంచికచర్ల వాళ్ళు వెక్కిరించేవారు. డేవిడ్ దాన్ని మెప్పుగానే తీసుకున్నాడు.

అలాంటి క్లబ్బులోకి ఉషశ్రీ వచ్చింది.

చెవిటికల్లు రైతు వెంకటరత్నం కూతురు ఆ పిల్ల. వెంకటరత్నం గుంటూరు పోకుండా ఏటా తన మిర్చి మూర్తి కొట్లోనే వేస్తాడు. ఒక ఏడాది బస్తాలతోపాటు కూతుర్నీ తీసుకొచ్చి దింపాడు. "అన్నగారూ, ఇంట్లో ఏ కర్ర దొరికితే ఆ కర్రతో, ఏ నిమ్మకాయ దొరికితే ఆ నిమ్మకాయని కొడతా ఉందండి. గేదెకి కూడా తగిలింది. మీ మాస్టారికి అప్పజెప్పండి" అన్నాడు. అక్కడినుంచి పేటకి రావాలంటే కంచికచర్లలో బస్సు మారి, నందిగామ దాటి రావాలి. నందిగామలోనూ క్లబ్బుంది. అయినా దాన్ని దాటుకునే వచ్చేది. ఎందుకంటే, "అక్కడ ఆడిస్తారు పెదనాన్నా, ఇక్కడ నేర్పిస్తారు" అనేది మూర్తితో. ఆ మాట డేవిడ్ చెవిన కూడా పడింది. పడనట్టే ఉన్నాడు.

నాలుగేళ్ళలో ఆ పిల్లకి పదిహేడు నిండాయి. జుట్టు కొసలకి నీలం రంగు, కర్ర పిడికి తళతళలాడే టేపు. బంతిని కర్ర కొసన ఎగరేసుకుంటూ ఎదుటివాళ్ళ కర్రల మీదుగా దాటించేసేది. రాళ్ళు ఏరమంటే ఏరేది, కానీ పాటలు పాడుకుంటూ ఏరేది. సీనియర్లు నీళ్ళు తాగేదాకా ఆగేది, కానీ "తొందరగా తాగండక్కా, ఇక్కడ ప్రాణాలు పోతన్నాయి" అంటూ ఆగేది. తప్పుపట్టడానికి ఏమీ దొరకదు. ఒప్పుకోవడానికి డేవిడ్‌కి మనసు రాదు.

కిందటి నెల కంచికచర్ల జట్టుతో ఆటలో ఆ లోటూ తీరింది. ఆట అయిపోబోతుండగా ఉషశ్రీ ఒంటరిగా బంతి తీసుకెళ్ళి గోల్ కొట్టింది. కొట్టి వెనక్కి రాలేదు. ఎదుటి గోల్‌కీపరు ముందు నిలబడి, గుప్పిట్లో ఎండుమిరపకాయలూ ఉప్పూ పట్టుకున్నట్టు పట్టి, తన తల చుట్టూ మూడుసార్లు తిప్పి, "థూ థూ" అని గోల్‌పోస్టు వైపు విసిరేసింది. తనకి తానే దిష్టి తీసుకుంది. ఎవరో ఫోనులో తీశారు. పాట జోడించి రీల్ చేశారు. రెండ్రోజుల్లో అది హైదరాబాదు దాకా పోయింది.

మూర్తి ఆ రీల్‌ని రెండు కళ్ళతో రెండు రకాలుగా చూశాడు. వ్యాపారి కన్ను, మిర్చికి ఇంత మంచి ప్రచారం ఈ పేటలో ఎవరూ చెయ్యలేదనుకుంది. గోల్‌కీపరు కన్ను, ఆ పిల్ల వెనకాల హెల్మెట్ పైకి నెట్టి మొహం తుడుచుకుంటున్న కీపరు పిల్ల దగ్గర ఆగింది. ఆ రెండో సంగతి అతను పైకి అనలేదు.

డేవిడ్ అందరి ముందూ ఉషశ్రీని పిలిచి చెయ్యి చాపాడు. అదీ క్లబ్బు పద్ధతే. తప్పు చేసినవాళ్ళు కర్ర మాస్టారి చేతికివ్వాలి. ఆయన తిరిగిచ్చేదాకా బయట కూర్చోవాలి. పెద్ద పెద్ద ఆటగాళ్ళు నోరెత్తకుండా ఇచ్చారు. ఉషశ్రీ కర్రని వెనక్కి దాచుకుని, "ఎందుకివ్వాలి సార్? గోల్ కొట్టింది దీంతోనేగా" అంది. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. డేవిడ్ చెయ్యి చాపినచోటే కాసేపు ఉండిపోయింది. తర్వాత మెల్లిగా జేబులోకి పోయింది.

అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. అది వాళ్ళిద్దరి సంగతిగానే ఉంటే మూర్తి కల్పించుకునేవాడు కాదు. కానీ వచ్చే ఆదివారం నందిగామలో ఆట ఉంది. దానికి పరిమళగారు వస్తున్నారు. ఒకప్పుడు రాష్ట్ర జట్టుకి ఆడిన మనిషి. ఇప్పుడు జూనియర్ క్యాంపుకి ఊరూరా తిరిగి పిల్లల్ని ఏరుతుంది. ఈ ఏడు దాటితే ఉషశ్రీకి ఆ క్యాంపులో చేరే వయసు దాటిపోతుంది. ఆదివారం ఆవిడ కంట పడిందా, దారి పడుతుంది. పడలేదా, చెవిటికల్లులో నిమ్మకాయలు కొట్టుకోవడమే.

ఇంతలో నందిగామ క్లబ్బు సెక్రటరీ కిషోర్‌బాబు వెంకటరత్నానికి ఫోన్ చేశాడు. "మీ అమ్మాయిని మా తరఫున ఆడించండి. పసుపు జెర్సీ కుట్టించి ఉంచాం" అన్నాడట.

మూర్తి మనసులో తూకం వేసుకున్నాడు. పిల్ల పోతే, ఆ పిల్లని చూసి క్లబ్బులో చేరిన చిన్నపిల్లలంతా ఒకరి వెనక ఒకరు పోతారు. పిల్ల పక్షాన మాట్లాడితే డేవిడ్ విజిల్ తీసి బల్ల మీద పెట్టి ఇంటికి పోతాడు, అదీ ఖాయమే. తక్కెడకి రెండు పళ్ళేలూ ఊడిపోతే చేతిలో మిగిలేది ముల్లు. ముల్లుతో ఎవరూ వ్యాపారం చెయ్యలేరు.

అందుకని శుక్రవారం సాయంత్రం ఇద్దర్నీ కొట్టుకి రమ్మన్నాడు. ఒకరొస్తున్నట్టు ఇంకొకరికి చెప్పలేదు.

డేవిడ్ ముందొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికి కర్ర భుజాన పెట్టుకుని ఉషశ్రీ వచ్చింది. గుమ్మంలోనే ఆగింది.

"కూర్చో అమ్మా" అన్నాడు మూర్తి, బస్తా చూపించి.

"నిలబడతా పెదనాన్నా. కూర్చోబెట్టడం ఇక్కడ కూడా మొదలైందా?"

"చూశావా మూర్తీ, ఆ నోరు చూశావా?" అన్నాడు డేవిడ్.

"నోరుంది కాబట్టేగా సార్, రైట్ వింగులో ఎవరున్నారో మీకు వినపడేది."

"ఆదివారం ఆటంతా బయటే. ఒక్క క్వార్టర్ కూడా లేదు. నాలుగూ బెంచీ మీదే." డేవిడ్ వేళ్ళు మడిచి చూపించాడు.

"ఒక్క నిమిషం కూడా కూర్చోను. కూర్చోబెడితే పసుపు జెర్సీ వేసుకుంటా. మీకే గోల్ కొడతా. కొట్టి..." అని గుప్పిట తల చుట్టూ తిప్పబోయింది. దగ్గొచ్చింది. డేవిడ్‌కీ వచ్చింది. ఇద్దరూ చెరోవైపు తిరిగి దగ్గారు. మూర్తి నీళ్ళు అందించాడు.

"డేవిడూ, ఒక మాట చెప్పు" అన్నాడు, వాళ్ళు తేరుకున్నాక. "దిష్టి తీస్తే నీకేం నష్టంరా? నువ్వు చర్చికి పోయేవాడివి. నీకు దిష్టే లేదుగా."

"హాస్యాలాడకు. గోల్ ఒక్కళ్ళదా? వెనక బంతి ఆపినవాళ్ళది కాదా, అందించినవాళ్ళది కాదా? ఒకళ్ళు ఎగిరితే పదిమంది పొట్టైపోతారు." డేవిడ్ గొంతు తగ్గించాడు. ఘాటుకి భయపడి కాదు. "ఇంకోటుంది. పైకి వెళ్ళాక అక్కడ ఈ పిల్లని ఎవరు కాస్తారు? పెద్ద ఊళ్ళ పిల్ల గంతులేస్తే ఉషారంటారు. చెవిటికల్లు పిల్ల గంతులేస్తే పొగరంటారు. ఆ ఒక్క మాట చాలు, ఇంటికి బస్సెక్కించడానికి. ఎంతమందిని చూడలేదు? నేనిక్కడ కొస తుంచకపోతే వాళ్ళక్కడ మొదలు నరుకుతారు."

ఉషశ్రీ ఏదో అనబోయి ఆగింది. మూర్తి ఆ ఆగడాన్ని గమనించాడు. బేరంలో మాట కన్నా ముందు ఆగేచోటు చూడాలని తండ్రి నేర్పాడు.

"నీ మాట నిజమేరా" అన్నాడు. "కానీ నా మాటా విను. రంగులేని కాయ ఎంత ఘాటుగా ఉన్నా, కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టడు. ముందు రంగు చూసే ఆగుతాడు. ఆ తర్వాతే కొరుకుతాడు."

"రంగు వేరే కలుపుతారు కూడా. నీకు తెలియంది కాదు."

"కలిపిందో, కాయలో పుట్టిందో నీకు తెలియదా? నాలుగేళ్ళు ఎండబెట్టింది నువ్వేగా."

ఉషశ్రీ బస్తా మీద కూర్చుంది.

ఇదే అదును. మూర్తి భుజం మీద కండువా తీసి దులిపాడు. వెనకటి రోజుల్లో మిర్చి బేరాలు నోటితో జరిగేవి కావు. మధ్యవర్తి కండువా పరిస్తే, దాని కింద ఒక్కొక్కరే అతని చెయ్యి పట్టుకుని వేళ్ళు నొక్కి తమ ధర చెప్పేవారు. అమ్మేవాడి ధర కొనేవాడికి తెలియదు, కొనేవాడిది అమ్మేవాడికి తెలియదు, చుట్టూ ఉన్న జనానికి అసలే తెలియదు. తగ్గినా పరువు పోదు. కండువా కింద తెలిసిన ధర చచ్చేదాకా బయటపెట్టకపోవడం మధ్యవర్తి మర్యాద. మూర్తి తండ్రి అలాంటి ధరలు మనసులో పెట్టుకునే కన్నుమూశాడు. యార్డుల్లో కంప్యూటర్ టెండర్లు వచ్చాక ఈ పద్ధతి పాతబడిపోయింది. మూర్తికి మాత్రం చేతికి అలవాటు పోలేదు.

"ఒక వేలు అంటే ఒక క్వార్టర్" అన్నాడు. "ఆదివారం ఉషమ్మ ఎన్ని క్వార్టర్లు కూర్చోవాలో చెరొకరూ చెప్పండి. నోరు తెరవకండి. పిడికిలి నొక్కితే ఏమీ లేదని."

"నా నాలుగూ ఇప్పుడే చెప్పాగా" అన్నాడు డేవిడ్.

"పైన చెప్పింది జనానికి. ఇప్పుడు నాకు చెప్పు."

డేవిడ్ గొణుక్కుంటూ కండువా కింద చెయ్యి పెట్టాడు. విజిల్ తాడు తిప్పీ తిప్పీ కాయలు కాసిన చెయ్యి. కాసేపు కదల్లేదు. తర్వాత ఒకే ఒక్క వేలు పట్టుకుని గట్టిగా నొక్కాడు. మూర్తి మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. నాలుగు అన్న మనిషి ఒకటికి దిగాడు.

కండువా ఉషశ్రీ వైపు తిరిగింది. ఆ పిల్ల నవ్వుతూ చెయ్యి దూర్చింది. దూర్చాక నవ్వు పోయింది. కర్ర పట్టి గట్టిపడ్డ వేళ్ళు మూర్తి వేళ్ళని వెతుక్కున్నాయి. రెండు పట్టుకుని నొక్కి, వెంటనే వదిలేసింది.

ఇన్నేళ్ళ వ్యాపారంలో ఇలాంటి బేరం మూర్తి చూడలేదు. అడిగేవాడు ఒకటి అడుగుతుంటే, ఇచ్చేవాళ్ళు రెండిస్తామంటున్నారు. ఇలాంటప్పుడు మధ్యవాడు ఏం చెయ్యాలో తండ్రి నేర్పలేదు. బహుశా ఆయనకీ ఎదురుపడి ఉండదు. మూర్తి కండువా మడిచి భుజాన వేసుకున్నాడు.

"తెగింది. ఒక క్వార్టర్. మొదటిది."

డేవిడ్ ఉషశ్రీ వైపు చూశాడు, ఇంత తేలిగ్గా దిగిందా అన్నట్టు. ఉషశ్రీ మూర్తిని చూసింది, లెక్క తప్పిందేమో అన్నట్టు. తర్వాత డేవిడ్‌ని చూసింది. ఆ చూపు వేరుగా ఉంది. ఎదుటివాళ్ళే తగ్గారని ఇద్దరికీ అనిపిస్తే అంతకన్నా మంచి బేరం లేదు. ఆ రాత్రి మూర్తి ఇంకో చారెడు అన్నం ఎక్కువ తిన్నాడు.

తప్పెక్కడ జరిగిందో ఆదివారం పొద్దున నందిగామ బస్సులో తెలిసింది.

"ఒరేయ్ మూర్తీ, ఇవాళ దిష్టి తియ్యదు కదా?" అన్నాడు పక్కసీట్లో డేవిడ్.

మూర్తి కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఏంట్రా, మాట్లాడవు?"

"అది బేరంలో రాలేదురా."

"రాకపోవడమేంటి? అసలు గొడవే అది కదా!"

నిజమే. సరుకు మాట్లాడాడు, సంచి సంగతి మర్చిపోయాడు. కొత్తగా కొట్టు పెట్టిన కుర్రాడు చెయ్యాల్సిన తప్పు. క్వార్టర్లు తెంపిన సంతోషంలో, మైదానంలోకి దిగాక ఎలా ఉండాలన్న మాటే ఎత్తలేదు. ఇప్పుడు వెళ్ళి అడిగితే బేరం తిరగతోడినట్టవుతుంది. తెగిన బేరం తిరగతోడడం అతని ఇంటా వంటా లేదు.

నందిగామ గ్రౌండు చుట్టూ జనం బాగానే ఉన్నారు. షామియానా కింద పరిమళగారు కూర్చుంది. పొట్టి జుట్టు, నల్లకళ్ళద్దాలు, మొహంలో ఒక్క గీత కూడా కదలని మనిషి. కిషోర్‌బాబు ఆవిడ పక్కన కొబ్బరిబోండాం పట్టుకుని నిలబడ్డాడు.

మొదటి క్వార్టర్‌లో పేట జట్టు నిలబడలేకపోయింది. నందిగామ వాళ్ళు ఒక గోల్ వేసేశారు. బెంచీ మీద ఉషశ్రీ కూర్చోవడమైతే కూర్చుంది గానీ, నోరు కూర్చోలేదు. "కృష్ణప్రియా, ఎడమకి! ఎడమకే తల్లీ, అది నీ కుడి!" అని అరుస్తూనే ఉంది. పరిమళగారి నల్లకళ్ళద్దాలు ఒకసారి ఇటు తిరిగాయి.

రెండో క్వార్టర్‌లో ఉషశ్రీ దిగింది. దిగాక ఆట రంగు మారింది. కానీ నందిగామ వాళ్ళు ఆ పిల్లని ముగ్గురేసి చుట్టుముట్టారు. మూడో క్వార్టర్ సగంలో ఆ పిల్ల బంతిని కర్ర కొసన ఎత్తి ఇద్దరి మీదుగా దాటించి, మూడో పిల్ల మీదికొస్తుంటే, తను కొట్టకుండా పక్కకి జార్చింది. అక్కడ కృష్ణప్రియ ఉంది. పేట బట్టల కొట్టు వాళ్ళ అమ్మాయి, మాట పెగలని పిల్ల. కళ్ళు మూసుకుని కొట్టినట్టే కొట్టింది. గోల్.

కృష్ణప్రియ పద్ధతి ప్రకారం తల దించుకుని వచ్చింది. ఉషశ్రీ కర్రకి కర్ర ఆనించింది. అంతా సవ్యంగా జరుగుతోందని డేవిడ్ ఊపిరి వదిలేలోపు, ఉషశ్రీ కృష్ణప్రియని భుజాలు పట్టి ఆపి, గుప్పిట బిగించి ఆ పిల్ల తల చుట్టూ మూడుసార్లు తిప్పింది. నందిగామ వైపు కాదు, తమ బెంచీ వెనకున్న తుప్పల్లోకి విసిరి, "థూ థూ" అంది. కృష్ణప్రియ సిగ్గుతో ఎర్రబడి, ఆ తర్వాత పకపకా నవ్వేసింది. ఆ పిల్ల అంత గట్టిగా నవ్వడం మూర్తి ఎప్పుడూ వినలేదు.

డేవిడ్ నోట్లో విజిల్ పెట్టుకుని మళ్ళీ తీసేశాడు.

"గోల్ కొట్టినవాళ్ళు గంతులెయ్యకూడదన్నావు" అన్నాడు మూర్తి, నవ్వాపుకుంటూ. "పాస్ ఇచ్చినవాళ్ళ గురించి నీ చట్టంలో ఏమీ లేదురా."

"నోర్ముయ్" అన్నాడు డేవిడ్. ఆ మాటలో కోపం కన్నా ఆలోచన ఎక్కువ ఉంది.

ఆట ఒకటీ ఒకటితో ముగిసింది. పిల్లలు అరటిపళ్ళు తింటుండగా పరిమళగారు లేచి వీళ్ళ దగ్గరికొచ్చింది. వెనకే కిషోర్‌బాబు.

"ఆ నీలం జుట్టు పిల్ల మొదటి క్వార్టర్ బయట ఎందుకుందండి? దెబ్బా?"

మూర్తికి అబద్ధం నాలుక చివరే ఉంది. "కాలు కొంచెం పట్టేసిందండి..." అని మొదలుపెట్టాడు కూడా.

"దెబ్బ లేదమ్మా" అన్నాడు డేవిడ్. "క్రమశిక్షణ కింద నేనే కూర్చోబెట్టా."

మూర్తి అబద్ధంలో మిగతా సగం మింగేశాడు. ఈ మనిషి చిన్నప్పుడూ ఇంతే. బంతి తన కాలికి తగిలితే అంపైర్ చూడకపోయినా చెయ్యెత్తేవాడు.

"అదా సంగతి" అంది పరిమళగారు. "ఆ రీల్ నాకూ వచ్చింది. ఆట బాగుంది. కానీ ఆడేవాళ్ళు దొరుకుతారండి. మాట వినేవాళ్ళే దొరకరు. క్యాంపులో ఒక్క పిల్ల ఎదురు తిరిగితే ముప్పై మంది చెడతారు."

"మేమూ అదే అనుకున్నామండి" అన్నాడు కిషోర్‌బాబు, పసుపు జెర్సీ ఎప్పుడూ కుట్టించనట్టు. "బంగారంలాంటి ఆట. పొగరే కొంచెం..."

డేవిడ్ మొహం పాలిపోయింది. ఏ మాటకి భయపడి నాలుగేళ్ళు కొస తుంచాడో, ఆ మాట తన నిజాయితీలోంచే ఊడిపడింది. ఇంకేదో చెప్పాలని నోరు తెరిచాడు గానీ, పొగడడం అలవాటు లేని మనిషికి సమయానికి మాట దొరకలేదు. పరిమళగారు వెళ్ళడానికి తిరిగింది.

మూర్తి మనసులో తండ్రి మొహం మెదిలింది. పక్కన పెట్టేశాడు.

"అమ్మా, ఒక్క నిమిషం. ఎన్ని క్వార్టర్లు కూర్చోవాలని ఈయన అడిగింది ఒకటే. ఆ పిల్ల తనంతట తాను ఇస్తానన్నది రెండు."

"ఏంటీ?" అన్నాడు డేవిడ్.

పరిమళగారు నల్లకళ్ళద్దాలు తీసింది. మూర్తి కండువా సంగతంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ తను చేస్తున్న పని తనకే కొత్తగా ఉంది. ఆవిడ వినేసి, "ఆ పిల్లని పిలవండి" అంది.

ఉషశ్రీ సగం తిన్న అరటిపండుతో వచ్చింది.

"కండువా కింద రెండు అన్నావటగా?"

ఉషశ్రీ మూర్తి వైపు తిరిగింది. "పెదనాన్నా! చెప్పేశారా?"

"రెండెందుకన్నావు?" అంది పరిమళగారు మళ్ళీ.

ఆ పిల్ల అరటిపండు చేతిలో అటూ ఇటూ తిప్పింది. "దిష్టి తియ్యడం తప్పు కాదండి. నాకు నచ్చింది, తీశా. కానీ కీపరు ముందుకెళ్ళి తియ్యడం తప్పు. ఆ పిల్ల ఏడ్చింది. రీల్‌లో చూశాక తెలిసింది నాకు. అందుకని రెండు."

"ఆ సంగతి మీ సార్‌కి చెప్పలేదేం?"

"సార్ అందరి ముందూ అడిగారండి. అందరి ముందూ నేను చెప్పలేను."

డేవిడ్ తల పక్కకి తిప్పుకుని గ్రౌండు వైపు చూస్తూ నిలబడ్డాడు.

పరిమళగారు కాసేపు ఆ పిల్లని ఎగాదిగా చూసింది. "మీ నాన్నని తీసుకుని వచ్చే సోమవారం క్యాంపుకి రా. పదిహేను రోజులు చూస్తా. నా దగ్గర కండువా లేదు. తప్పు చేస్తే అందరి ముందే అడుగుతా, అందరి ముందే చెప్పాలి. ఉండలేననిపిస్తే ఇప్పుడే చెప్పు."

"నీళ్ళు ముందు ఎవరు తాగుతారండి అక్కడ?" అంది ఉషశ్రీ.

పరిమళగారి మొహంలో మొదటి గీత కదిలింది. "దాహం వేసినవాళ్ళు."

"అయితే ఉంటా."

ఆవిడ వెళ్ళిపోయింది. కిషోర్‌బాబు కొబ్బరిబోండాం పట్టుకుని ఆవిడ వెనకే పరుగెత్తాడు. ఉషశ్రీ సంచీ సర్దుకుని మూర్తి దగ్గరికొచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి, మొహం మాత్రం ముడుచుకునే ఉంది.

"మీతో పచ్చి! ఇంక మాట్లాడను. ఇంటికెళ్ళి నాన్నతో చెప్తా, ఈ ఏడు మిర్చి గుంటూరు తోలెయ్యమని."

"తోలుకోండమ్మా" అన్నాడు మూర్తి.

"నిజంగా చెప్తా."

"చెప్పమనేగా అంటున్నా."

ఆ పిల్ల డేవిడ్ ముందుకెళ్ళి నిలబడింది. "సార్, మీరు ఒకటే అడిగారా?"

"బస్సుకి టైమైంది. పో" అన్నాడు డేవిడ్.

ఆ పిల్ల విజయవాడ వైపు బస్సెక్కి పోయింది. మిగతా పిల్లల్ని పేట బస్సెక్కించి, వెనక సీట్లో ఇద్దరూ బంతుల సంచీ మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. మూర్తి తన లెక్క తాను చూసుకున్నాడు. ఇకమీదట కండువా పరిస్తే ఈ ఇద్దరిలో ఎవరూ చెయ్యి పెట్టరు. ఈ సంగతి రేపటికి పేటంతా తెలుస్తుంది కాబట్టి, ఇంకెవరూ పెట్టరు. తండ్రి ఇచ్చినవాటిలో ఖర్చుపెట్టకుండా దాచుకున్నది ఆ కండువా మీది నమ్మకమొక్కటే. ఇవాళ అదీ అయిపోయింది. ఏదో పోయినట్టు ఉంటుందని చూశాడు. అంతగా లేదు.

చాలాదూరం పోయాక డేవిడ్ నోరు విప్పాడు. "నేను ఒకటే అడిగానని ఆ పిల్లకి తెలిసిపోయింది కదరా. క్యాంపునుంచి వచ్చాక ఇంక నా మాట వింటుందా?"

"ఇంతకుముందు వినేదా?"

డేవిడ్ విజిల్ తాడు వేలికి చుట్టుకున్నాడు. "అదీ నిజమే." మళ్ళీ కాసేపయ్యాక, "నేను మూడు అడిగుంటే ఏం చేసేవాడివిరా?"

"రెండున్నరకి తెంపేవాణ్ణి."

"అర క్వార్టర్ ఎవడు లెక్కపెడతాడ్రా, దొంగ వెధవా!"

"నీ చేతికి వాచీ ఉందిగా" అన్నాడు మూర్తి. డేవిడ్ నవ్వాడు. బస్సు స్పీడు బ్రేకరు మీద ఎగిరింది. సంచీలోంచి ఒక బంతి జారి సీట్ల కింద దొర్లుకుంటూ ముందుకి పోయింది. ముందు సీట్లలో పిల్లలు దానికోసం అరుస్తూ వంగారు.